నూకరత్నం కిటికీకి అంచు తీర్చిన వైనం

కాలవ గట్ల పరిరక్షణ శాఖ వారి సర్కిల్ ఆఫీసులో ఏ పని కావాలన్నా ఫైలు పెట్టాలి. గుండుసూదికి ఫైలు, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాకి ఫైలు, పెట్టిన ఫైలు కనబడకపోతే దాన్ని వెతకడానికి ఇంకో ఫైలు. ఒక్క టీకి మాత్రం ఎవరూ ఫైలు పెట్టరు. నోటితో అడిగితే చాలు, చేతికి వచ్చేస్తుంది. ఆ ఒక్క పనీ సవ్యంగా సాగడానికి కారణం నూకరత్నం.

నూకరత్నం ఆ ఆఫీసు క్యాంటీను నడుపుతుంది. వంటగదికీ ఆఫీసు వరండాకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. ఇటు పొయ్యి, అటు గుమాస్తాలు. టీ అయినా టిఫినైనా ఆ కిటికీలోంచే ఇవ్వాలి. కిటికీ గుండా తప్ప నూకరత్నం వరండాలో ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు, గుమాస్తాలు వంటగదిలోకి పోకూడదు. ఎప్పుడో ఒక పెద్దాఫీసరు ఒలికిన సాంబారు మీద కాలేసి జారిపడ్డాక పెట్టిన రూలది. ఆ ఆఫీసరు రిటైరైపోయాడు, ఆ సాంబారూ ఎండిపోయింది, రూలు మాత్రం నిక్షేపంలా ఉంది. కిటికీ ఉన్నంతకాలమే క్యాంటీను. క్యాంటీను పోతే నూకరత్నానికి వేరే బతుకుతెరువు లేదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

మొన్నామధ్య ఆఫీసు గోడలకి భుజాల ఎత్తున టైల్సు అంటించారు. అంటించినవాడు కిటికీ దాకా వచ్చి, టైళ్లు అడ్డదిడ్డంగా కోసి, అంచులు తీర్చకుండానే బిల్లు తీసుకుని వెళ్లిపోయాడు. అంచులేమో కత్తిపీటల్లా ఉన్నాయి. నూకరత్నం ఒక గోనెగుడ్డ ముక్క చింపి, కిటికీ చుట్టూ చుట్టి, పురికొస బిగించి కట్టింది. ఎవరి చెయ్యీ తెగలేదు. గొడవ అక్కడితో సమసిపోవలసిందే.

కానీ సర్కిల్ మొత్తానికి పెద్ద ఇంజనీరు, కొత్త ఎస్.ఈ. విరూపాక్షరావు గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్డు గుమాస్తా అచ్యుతరామయ్య గారు ముందురోజే ఆఫీసంతా కలియతిరిగారు. గోనెగుడ్డ చూసి ముక్కు మూసుకున్నారు. సదరు గుడ్డ కార్యాలయ గౌరవానికి భంగకరంగా ఉన్నదనీ, తక్షణమే తొలగించవలసిందనీ సెలవిచ్చారు. నూకరత్నం అంచుల సంగతి చెప్పబోయింది. అంచులు ప్రభుత్వానివి, గుడ్డ నీది, ఏది ఉండాలో నువ్వే ఆలోచించుకో అన్నారాయన. గుడ్డ పోయింది.

మర్నాడు ఎస్.ఈ. గారు వచ్చారు. వారు ఊటీలో 'కార్యాలయాల్లో భద్రత' అనే శిక్షణ ముగించుకుని అప్పుడే దిగారు. గుండెల మీద ఇంకా ఆ శిక్షణ తాలూకు బిళ్ల ఉంది. టీ కోసం కిటికీలో మోచెయ్యి ఆనించారు. ఆనించి, "అబ్బా" అన్నారు. చూస్తే మోచేతి మీద చీమ పాకినంత గీత. పసిపిల్లాడికైతే తల్లి ఉఫ్ అని ఊది పంపించేసేది. పెద్దాఫీసరు మోచెయ్యి కనక ఎవరూ ఊదలేకపోయారు.

ఎస్.ఈ. గారు కోప్పడలేదు. అదే నూకరత్నాన్ని భయపెట్టింది. ఆయన మోచేతి వంక మురిపెంగా చూసుకుంటూ, నిన్నటిదాకా తాను పుస్తకాల్లో చదువుకున్న ప్రమాదం ఇవాళ స్వయంగా దర్శనమిచ్చిందని అన్నారు. ఆ సాయంత్రమే 'అంచు విముక్తి మహోద్యమం' మొదలైంది. రాష్ట్రంలోనే తొలి అంచు రహిత కార్యాలయంగా దీన్ని తీర్చిదిద్దుతామని ప్రకటన వెలువడింది.

టైల్స్ మేస్త్రి వీర్రాజుని పిలిపించారు. వీర్రాజు అంచు మీద బొటనవేలు రాసి, తేలిగ్గా నవ్వాడు.

"దీనికింత హడావుడేంటండి బాబూ. సానరాయెట్టి నాలుగు సార్లు రుద్దితే ఎల్లిపోద్ది. కాదంటే స్టీలు పట్టీ ఏసేత్తాను. టీ చల్లారేలోపు అయిపోయే పని."

అచ్యుతరామయ్య గారు చెయ్యెత్తి ఆపారు. అంచు అంటే ఏమిటో నిర్ణయం కాకుండా అంచుని ముట్టుకోవడం క్రమవిరుద్ధం. అంచాత కమిటీ వేశారు. కమిటీ కిటికీ ఎదుటే కూర్చుని వారం పొడుగునా చర్చించింది. నూకరత్నం మినప్పిండి రుబ్బలేక సతమతమైపోయింది. అన్ని గారెలు తిన్న తరవాత ఏదో ఒకటి తేల్చక తప్పదు గనక, తీర్మానం తయారైంది. అచ్యుతరామయ్య గారు నిలబడి చదివారు.

"టైలు ఏ తావున ఆగిపోవునో, సదరు తావే అంచు అని ఇందుమూలముగా నిర్వచించడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం కూడా కొట్టింది. పాపం, ఆ మాట తన కిటికీని మింగేస్తుందని ఆవిడకి అప్పుడు తెలియదు.

వీర్రాజు కిటికీ చుట్టూ స్టీలు పట్టీ బిగించాడు. చూడముచ్చటగా కుదిరింది. ఎస్.ఈ. గారు వచ్చి పట్టీ మీద వేలు రాశారు. రాస్తూ రాస్తూ ఆగారు.

"టైలు ఇక్కడ ఆగింది. దాని మీద పట్టీ వేశారు. బాగుంది. మరి ఈ పట్టీ ఎక్కడ ఆగుతోంది?"

"ఇక్కడేనండి," అన్నాడు వీర్రాజు.

"అయితే అదీ అంచే కదా?"

స్టీలు పట్టీ అంచుకి చెక్క పట్టీ వేశారు. చెక్క పట్టీ కూడా ఒకచోట ఆగింది. దానికి రబ్బరు వేశారు. రబ్బరు ఆగింది. రబ్బరు మీద మళ్లీ టైలు వేశారు. టైలు ఆగింది కనక దానికి మళ్లీ స్టీలు పట్టీ. గోడ వేపు పెరగడానికి చోటు లేదు, కాబట్టి ఈ పట్టీలన్నీ కిటికీ లోపలికే పెరుగుతూ వచ్చాయి. వచ్చిన ప్రతి పట్టీకీ తనిఖీ, ఫొటో, అభినందన. కిటికీ మాత్రం చిక్కిపోతోంది.

మొదట పెసరట్టు పళ్లెం పట్టడం మానేసింది. నూకరత్నం అట్టుని మడిచి కాయితంలో పెట్టి ఇచ్చింది. తరవాత గారె పట్టలేదు. గారెలు మానేసి పునుగులు వేసింది. పునుగులు కూడా గీరుకుంటున్నాయంటే వేరుశెనగపప్పులు వేయించింది. గుమాస్తాలు నొచ్చుకున్నారు గానీ ఎవరూ నోరు మెదపలేదు. అంచుల వేపు మాట్లాడితే ఉద్యమ ద్రోహి అన్న పేరొస్తుంది. చివరికి గ్లాసూ పట్టలేదు. అప్పుడు నూకరత్నం లోపల గరాటు పెట్టి పోసేది, వరండాలో గుమాస్తా గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. కొందరికి గ్లాసులో పడేది, కొందరికి చొక్కా మీద పడేది.

"ఏరా వీర్రాజూ, నువ్వైనా చెప్పకూడదా?" అని అడిగింది నూకరత్నం.

"నేనేం చెప్పనప్పా. ఇన్నాళ్లూ అంటించు అన్నోళ్లే గానీ ఆపొద్దన్నోళ్లు నాకెక్కడా తగల్లేదు. మా ఆవిడ ఈళ్ల ఫొటోకి దణ్ణం ఎట్టుకుంటంది," అన్నాడు వాడు, సిమెంటు కలుపుతూ.

నూకరత్నానికి ఒళ్లు మండింది. ఆదివారం నీళ్ల ట్యాంకు దగ్గర ఎస్.ఈ. గారు ఒంటరిగా దొరికితే, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి మొర పెట్టుకుంది. కిటికీ మూసుకుపోతే క్యాంటీను మూతపడుతుందనీ, ఈ వయసులో తనకి ఇంకో చోట పొయ్యి రాజేసే ఓపిక లేదనీ చెప్పింది. ఎస్.ఈ. గారు టీ ఆఖరి గుటక దాకా తాగి గ్లాసు తిరిగిచ్చారు.

"చూడమ్మా, ఈ కార్యాలయంలో నోటిమాట చెల్లదు. ఏదున్నా ఫైలు రూపంలో నా బల్ల మీదకి రావాలి. ఇది నేనే పెట్టిన నియమం."

ఫైలు రాయించుకుని నూకరత్నం మర్నాడు వచ్చేసరికి కిటికీ లేదు. ఆఖరి కంతలో ఆఖరి టైలు ముక్క కూర్చుని నిగనిగలాడుతోంది. దాని ముందు కొబ్బరికాయ కొట్టి ఉంది. అచ్యుతరామయ్య గారు ఆవిడ ఫైలు అందుకుని, సదరు కిటికీ రద్దు కాలేదనీ, సంపూర్ణమైనదనీ వివరించారు. సంపూర్ణమైన కిటికీ గుండా సరఫరా సాధ్యం కాదు గనక, నెలాఖరుకి క్యాంటీను ఖాళీ చేయవలసిందని అదే ఫైలు మీద రాసి ఇచ్చేశారు. నూకరత్నం పొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది. కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంది.

ఉద్యమం అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆగితే అంచు వస్తుంది. కిటికీ మీది టైళ్లు గోడ పైన భుజాల ఎత్తున ఆగాయి కదా, ఆగిన చోటల్లా అంచే. కనక పైకప్పు దాకా వెళ్లాయి. పైకప్పు నుంచి అవతలి గోడకి దిగాయి. అక్కడ కిటికీలుంటే, వాటికి సిమెంటు రేకు బిగించి వాటినీ సంపూర్ణం చేశారు. తలుపులు కూడా అంతే. ఒక్కొక్క గదీ సంపూర్ణమవుతుంటే గుమాస్తాలు కుర్చీలెత్తుకుని సైకిల్ స్టాండు కిందికి చేరారు. పెదలంక కాలవకి గండి పడిందనీ, చేలు మునిగిపోతున్నాయనీ రైతులు పరిగెత్తుకొచ్చారు. సిబ్బంది యావన్మందీ అంచుల విధుల్లో ఉన్నారనీ, గట్టు కూడా ఒక రకం అంచే కాబట్టి అది పోయినందుకు విచారించనక్కర్లేదనీ అచ్యుతరామయ్య గారు వాళ్లకి ధైర్యం చెప్పి పంపారు. రైతులు ఆయన్ని ఏమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు.

చివరికి ఒక్కటే మిగిలింది, ఎస్.ఈ. గారి గది తలుపు. అదీ సంపూర్ణమైతే అంచు రహిత కార్యాలయమని ధ్రువపత్రం మీద సంతకం. కానీ ఒక చిక్కొచ్చింది. తలుపుకి బయటి వేపు అంచులు అచ్యుతరామయ్య గారు పరిశీలించగలరు. లోపలి వేపు ఎవరు చూస్తారు? పెద్దాఫీసరు గది లోపల సంతకం పెట్టే అధికారం పెద్దాఫీసరుకి తప్ప ఇంకెవరికీ లేదు. విరూపాక్షరావు గారు క్షణం కూడా తటపటాయించలేదు. ఉద్యమం కోసం తాను లోపల ఉంటానన్నారు. జనం ఆయన మెడలో పూలదండ వేసి జేజేలు పలికారు. సైకిల్ స్టాండు కింద సన్నాయి మోగింది. వీర్రాజు తలుపు తీసేసి రేకు బిగించాడు, టైళ్లు అంటించాడు. గడప కింద సందు ఉంటే అందులోనూ వైట్ సిమెంటు కూరాడు. అచ్యుతరామయ్య గారు బయటి నుంచి తడిమి చూసి, ఎక్కడా అంచు లేదని ప్రకటించారు. లోపలి నుంచి కూడా అదే మాట వినబడింది. చప్పట్లు.

చప్పట్లు సద్దుమణిగాక లోపలి నుంచి డబడబ చప్పుడైంది.

"పత్రం మీద సంతకం పెట్టేశాను. ఇహ తియ్యండి."

అందరూ అచ్యుతరామయ్య గారి వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు. టైలు పగలగొడితే అంచు ఏర్పడుతుంది. అంచు ఏర్పరచడానికి ఎస్.ఈ. గారి లిఖితపూర్వక అనుమతి కావాలి. అందుకు ఫైలు వారి బల్ల మీదకి వెళ్లాలి. వెళ్లడానికి సందు లేదు.

"నేనే చెబుతున్నానయ్యా!" అని లోపలి నుంచి అరుపు.

"చిత్తం. కానీ ఈ కార్యాలయంలో నోటిమాట చెల్లదని తమరే నియమం పెట్టారు," అన్నారు అచ్యుతరామయ్య గారు, చేతులు కట్టుకుని, టైళ్లకి నమస్కరిస్తూ.

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నారు పెద్దలు. ఎస్.ఈ. గారికి కంత లేకపోగా మెడలో పూలదండ కూడా ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, దాహం కూడా మొదలైంది. ఎండ ముదిరింది. గుమాస్తాలు నియమావళి తిరగేస్తున్నారు. వీర్రాజు బీడీ వెలిగించుకున్నాడు. ఎంతసేపటికో లోపలి గొంతు నీరసంగా వినబడింది.

"పోనీ, ఒక టీ అయినా ఇవ్వండి."

గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ఆఫీసులో టీకి ఫైలు పెట్టే అలవాటు ఎన్నడూ లేదు. నోటితో అడిగితే చాలు. అందరి తలలూ ఒక్కసారి నూకరత్నం వేపు తిరిగాయి.

నూకరత్నం కొంగు బిగించింది. ఖాళీ చెయ్యమన్న క్యాంటీనులోకి వెళ్లి, ఒక చేత్తో టీ గ్లాసూ ఇంకో చేత్తో అల్లం దంచే ఇనప రోకలీ పట్టుకొచ్చింది. అచ్యుతరామయ్య గారు అడ్డొచ్చారు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, ఇదేమిటి రత్నం అన్నారు.

"రూలే కదండీ రామయ్యగారూ. టీ కిటికీలోంచే ఇవ్వాలి. అయ్యగారు టీ అడిగారు. మరి కిటికీ ఉండద్దా?"

రామయ్య గారు నోరు తెరిచారు. టీ ఇవ్వకూడదన్న రూలు ఏదీ తట్టలేదు. కిటికీ లేకుండా ఇవ్వవచ్చన్న రూలూ లేదు. నూకరత్నం, ఇన్నాళ్ల కసీ కూడగట్టి, ఒక్క పోటు పొడిచింది. టైలు పగిలి, రేకు చిల్లుపడి, సరిగ్గా గ్లాసు పట్టేంత కంత తేలింది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసు అందుకుంది.

టీ తాగాక లోపలి ప్రాణం కుదుటపడింది. ఆ కంతలోంచి బయటికెలా రావాలన్న దిగులు మొదలైంది. దాన్ని పెద్దది చెయ్యమని అడిగారు. అచ్యుతరామయ్య గారు మళ్లీ నమస్కరించి, టీ వేరు, విస్తరణ వేరు అన్నారు. విస్తరణకి ఫైలు కావాలి, టీకని తెరిచిన కంతలోంచి ఫైలు పంపడం క్రమవిరుద్ధం.

నూకరత్నం కంత దగ్గర నోరు పెట్టి, పసిపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"అయ్యగారూ, మీరేం అడగద్దు. టిఫిను చెప్పండి."

ఎస్.ఈ. గారు ఎంతైనా చదువుకున్న మనిషి, అర్థమైంది.

"పునుగులు," అన్నారు. రోకలి ఆడింది. పునుగులు వెళ్లాయి. "గారెలు," అన్నారు. రోకలి ఆడింది. పెసరట్టు అన్నారు. మడతపెట్టి ఇవ్వనా అని నూకరత్నం అడిగితే, మడత పెట్టవద్దని గట్టిగా చెప్పారు. కంత పళ్లెమంత అయింది. ఆయన పాపం అన్నీ తినవలసివచ్చింది. తినకుండా పారేస్తే, టిఫిను నిజంగా అవసరమై అడిగారా లేదా అని రేపు ఆడిటు పడుతుంది. తిన్న కొద్దీ పొట్ట పెరుగుతోంది, కంత కన్నా ముందు. ఇలాగైతే లాభం లేదని నూకరత్నం అసలు సంగతికి వచ్చేసింది.

"అరిటాకు భోజనం చెప్పండి అయ్యగారూ. నిలువాకు."

"నిలువాకులో భోజనం," అంది లోపలి గొంతు, ఆయాసపడుతూ.

నిలువాకు అంటే కొయ్యకుండా ఉంచిన నిండు అరిటాకు, దాన్ని వంచకూడదు, చింపకూడదు, వడ్డించాక పక్కకి ఒరిగించకూడదు. అలా చేస్తే భోజనం కాదు, అపచారం. ఆ సంగతి అచ్యుతరామయ్య గారికీ తెలుసు. ఆయనే వెళ్లి ఆకు పొడుగు కొలిపించి వీర్రాజుకి చూపించారు. వీర్రాజు బీడీ పారేసి సుత్తి తీశాడు. తలుపున్న చోట ఈ కొస నుంచి ఆ కొసకి, ఆకు పట్టేంత కిటికీ తెరుచుకుంది. ఆకు లోపలికి వెళ్లింది. ఎస్.ఈ. గారు బయటికి వచ్చారు.

వస్తూ వస్తూ మోచెయ్యి పగిలిన టైలుకి రాసుకుంది.

సన్నాయి ఆగిపోయింది. అదే మోచెయ్యి, అదే గీత, ఈసారి రెండు చీమలంత. అచ్యుతరామయ్య గారి చెయ్యి జేబులో ఉన్న కలం వేపు పోయింది. విరూపాక్షరావు గారు గీత వంక చూశారు, కిటికీ వంక చూశారు, రోకలి పట్టుకుని నిలబడ్డ నూకరత్నం వంక చూశారు. ఆ తరవాత చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకున్నారు.

"దోమ కుట్టింది," అన్నారు.

అచ్యుతరామయ్య గారు కలం మూత తీసి, "దోమ అంటే ఏమిటో ముందుగా నిర్వచించవలసి ఉంటుందండీ" అని మొదలుపెట్టారు. నూకరత్నం ఆ చేతిలోంచి కలం తీసి ఆయన చెవి వెనక పెట్టి, చేతిలో వేడి వేడి టీ గ్లాసు ఉంచింది.

"ముందిది తాగండి రామయ్యగారూ."

ఆ తరవాత క్యాంటీను ఖాళీ చెయ్యడం గురించి ఎవరూ ఎత్తలేదు. ఆఫీసు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కిటికీ, దాన్ని తెరిచింది నూకరత్నం. పొయ్యి తెచ్చి ఎస్.ఈ. గారి గదిలోనే పెట్టుకుంది. కూర్చోవడానికి వేరే చోటు లేక ఎస్.ఈ. గారు కుర్చీ వరండాలో వేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే నూకరత్నం గోనెగుడ్డ చింపి కిటికీ అంచు చుట్టూ చుట్టడం మొదలెట్టింది. పురికొస రెండో కొస పట్టుకునేవాళ్లు లేక అటూ ఇటూ చూస్తుంటే, విరూపాక్షరావు గారు ఫైలు పక్కన పెట్టి లేచి వచ్చి పట్టుకున్నారు.

"గట్టిగా బిగించమ్మా," అన్నారు, మెల్లగా, రామయ్య గారికి వినబడకుండా.